మంచం మీద మూత్రం పోస్తున్న పిల్లిని వదిలేసే ముందు

మీ మూడేళ్ల మగపిల్లి రెండు వారాలుగా లిట్టర్ బాక్స్ (దాని మలమూత్రాలకి ఇసుక పోసి పెట్టే డబ్బా) వదిలేసి మంచం మీద పోస్తోందని, మొన్న మీ అత్తగారి కాలు పట్టి కొరికిందని, ఆవిడేమో దాన్ని ఎంవీపీ రైతుబజార్ దగ్గర వదిలేసి రమ్మంటున్నారని రాశారు. దయచేసి వదిలేయకండి. ఇంట్లో పెరిగిన పిల్లికి వీధిలో తిండి వెతుక్కోవడం తెలీదు, కుక్కల నుంచి తప్పించుకోవడం అసలే తెలీదు.

ముందు ఒక్క మాట చెప్పండి, అది మూత్రానికి కూర్చున్నప్పుడు మీరు దగ్గరుండి చూశారా?

మాది పెదవాల్తేరులో ఫస్ట్ ఫ్లోర్ ఇల్లు. మా బుజ్జిగాడు కూడా ఇలాగే మొదలుపెట్టాడు, ఉతికిన బట్టల మీద, పరుపు మీద, ఒకరోజు మా అమ్మ గుడికి వెళ్దామని తీసిపెట్టుకున్న చీర మీద. ఊరెళ్లి నాలుగు రోజులు వదిలేశామని కక్ష కట్టాడనుకున్నాం అందరం, నేనైతే రెండుసార్లు మెడ పట్టుకుని తీసుకెళ్లి ఆ తడి చూపించి గట్టిగా అరిచాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత ఒక రాత్రి బాత్రూంలో లైటేసి చూస్తే, గచ్చు మీద ఒళ్లంతా బిగబట్టుకుని కూర్చుని ముక్కుతున్నాడు, చాలాసేపటికి రెండు చుక్కలు పడ్డాయి, లేత గులాబీ రంగులో. లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చున్నాడు.

పొద్దున్నే తీసుకెళ్తే డాక్టరు గారు పొట్ట తడిమి చూసి, దారి మూసుకుపోలేదు, మూత్రాశయం వాచింది, పిల్లులకి టెన్షన్ వల్ల కూడా ఇలా అవుతుంది అన్నారు. పోసినప్పుడల్లా మంట, కాబట్టి ఆ మంటకి లిట్టర్ బాక్సే కారణమనుకుని మెత్తగా ఉన్న చోటు వెతుక్కుంటాయట. మగపిల్లులకి మూత్రం దారి మరీ సన్నం, పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మీ వాడు మాటిమాటికీ కూర్చుని చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఇది చదవడం ఆపేసి ఇప్పుడే బయల్దేరండి.

మందులతో మంట తగ్గింది కానీ మంచం మీద పోయడం ఆగలేదు. అసలు సంగతి బాల్కనీలో దొరికింది. వాడి బాక్స్ అక్కడే గ్రిల్ పక్కన పెట్టేవాళ్లం, ఇంట్లో వాసన రాకూడదని. ఆ మధ్య ఒక తెల్ల గండుపిల్లి చీకటి పడ్డాక సన్‌షేడ్ మీదకొచ్చి, గ్రిల్‌కి జానెడు దూరంలో కూర్చుని మా వాణ్నే చూస్తూ ఉండేది. అలా నెత్తిమీద శత్రువు కూర్చుంటే ఏ పిల్లి మాత్రం కూర్చుని పోసుకోగలదు? పైగా వాన పడితే ఆ ఇసుకంతా ముద్దయిపోయేది.

వాడు మా అమ్మని కొరికింది కూడా అలాంటి సాయంత్రమే. గ్రిల్ దగ్గర తోక ఉబ్బించుకుని అరుస్తుంటే, అమ్మ పాపం అని ఎత్తుకోబోయింది. ఆ కోపం బయటి పిల్లి మీదే, అందేది మాత్రం మనం. అలాంటప్పుడు ముట్టుకోకండి, దుప్పటి అడ్డం పెట్టి గదిలోకి పంపి, లైటు తీసేసి తలుపు వేసేయండి. చల్లబడడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు. మీ అత్తగారి కాలికి పన్ను దిగి ఉంటే మాత్రం సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, రేబిస్ ఇంజెక్షన్ వేయించండి, ఇంటి పిల్లే కదా అని ఊరుకోకండి.

మేం బాక్స్ లోపలికి మార్చి, ఇంకో మూలన రెండోది పెట్టాం, ఒక పిల్లికైనా రెండు ఉండాలి. సువాసన లేని లిట్టర్, రోజుకి రెండుసార్లు తీయడం. గ్రిల్ కింది సగానికి చార్ట్ పేపర్ అంటించాం. మంచం తుడవడానికి ఫినాయిల్ వాడకండి, అందులో ఉండే రసాయనాల్ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు, అది విషమే. ఎంజైమ్ క్లీనర్ అని పెట్ షాపుల్లో అడగండి, మామూలు సబ్బుకి మనకి వాసన పోతుంది గానీ వాటికి పోదు. రాత్రి తిండికి ముందు పది నిమిషాలు తాడుకి ఈక కట్టి పరిగెత్తించాం. నీళ్లు ఎక్కువ తాగాలని ఉప్పు వేయకుండా ఉడికించిన చేప ముక్కల్ని ఆ నీళ్లతోనే పెట్టాం.

మొత్తం కుదుటపడడానికి మాకు ఆరు వారాలు పట్టింది.

ఇంకోటి, మీ వాడు కూర్చుని కాకుండా నిలబడి, తోక నిటారుగా లేపి వణికిస్తూ గోడకో బీరువాకో చిమ్ముతుంటే అది వేరే సంగతి, హద్దు గీసుకుంటున్నాడన్నమాట. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకపోయుంటే చేయించండి, చాలా మగపిల్లులు దాంతోనే మానేస్తాయి.

మీ లిట్టర్ బాక్స్ ఎక్కడుందో, అక్కణ్నుంచి కిటికీలో ఏం కనిపిస్తుందో రాయండి. మీ అత్తగారికి చెప్పండి, ఒక్క ఆరు వారాలు ఆగమని.