ఆరు నెలలు నిండిన బాబుకి మొదట ఏం పెట్టాలి, రాగి జావా? ఉగ్గా?

వచ్చే వారం బాబుకి ఆరు నెలలు నిండుతాయి, అత్తగారు ఉగ్గు అంటున్నారు, అమ్మ రాగి జావ అంటోంది, దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. రెండూ మంచివేనండి. ముందు ఒకటి పెట్టండి, నాలుగు రోజులాగి రెండోది పెట్టండి, ఇద్దరూ మీ మీద అలగరు. మా ఇంట్లో ఏం పెట్టాలన్న పేచీ ఒక్కపూటలో తేలిపోయింది. గిన్నె ఖాళీ చేయించడం దగ్గర మాత్రం నెలరోజులు కురుక్షేత్రం నడిచింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మాది విజయవాడ, పటమట. నాకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు, మా ఆవిడకి బ్యాంకులో ఉద్యోగం. ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో మూడు వారాలు కాన్పుకి ముందే అయిపోయాయి, అంటే పాపకి అయిదున్నర నెలలు రాకముందే తను డ్యూటీకి వెళ్లాలి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దంటారు, సెలవేమో అంతకు ముందే అయిపోతుంది, ఈ లెక్కలు వేసినవాళ్లు ఎప్పుడైనా పసిపిల్లని సాకారా అని నా డౌటు. ఆ మిగతా రోజులు పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి నెట్టుకొచ్చాం. నా షాపు పదింటికి గానీ తెరవను కాబట్టి పొద్దున పూట పాపకి తినిపించే పని నాకు, మా అమ్మకి పడింది.

ముందు ముహూర్తం సంగతి. ఆడపిల్లకి బేసి నెల, మగపిల్లాడికి సరి నెల అని మన లెక్క కదా. అమ్మ అయిదో నెలలో అన్నప్రాశన చేసేద్దాం అంది, డాక్టరమ్మ ఆరు నిండేదాకా ఆగమంది. ఆరు నిండితే నడిచేది ఏడో నెలే, అది బేసే అని నేను వేళ్లు మడిచి చూపించేదాకా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అన్నప్రాశన రోజు ముందు పెట్టిన బంగారం, పుస్తకం, డబ్బులు అన్నీ వదిలేసి మా పాప ఇత్తడి పళ్లెం అంచు పట్టుకుని చప్పరించింది, అదేం శకునమో మరి.

మీకు బాబు కాబట్టి జాగ్రత్త. ఏడో నెల పనికిరాదు, ఎనిమిదోది వచ్చేదాకా ఆగండి అనే పెద్దాయన మీ చుట్టాల్లో ఒకరైనా ఉంటారు. ఆగకండి. కడుపులో ఉండగా బిడ్డ దాచుకున్న ఐరన్ ఆరు నెలలకల్లా కరిగిపోతూ వస్తుంది, తల్లిపాలలో ఐరన్ తక్కువ. పరమాన్నం ఎనిమిదో నెలలోనే నాకించండి, పప్పన్నం మాత్రం ఈలోపే మొదలుపెట్టేయండి.

ఇక యుద్ధం. మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, ముక్కున్న వెండి ఉగ్గుగిన్నెతో నోట్లో పోయడం ఆవిడ పద్ధతి. నన్నూ మా అక్కనీ అలాగే పెంచింది, అదే గిన్నె. గిన్నె ముక్కులోంచి జారాలి కాబట్టి రాగి జావ మజ్జిగలాగా కాచేది. మొదటి వారం బాగానే నడిచింది, గిన్నెడు తాగింది పిల్ల అని ఊళ్లో అందరికీ ఫోన్లు కూడా వెళ్లాయి.

అప్పుడు రోహిణి కార్తె. పొద్దున తొమ్మిదికే బెజవాడ కొలిమిలా ఉంది, పైగా కరెంటు పోయింది. మా ఆవిడ అప్పుడే బయల్దేరింది. పాప మొదటి గుక్క మింగి నోరు బిగించేసింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. అమ్మ రెండు బుగ్గలూ నొక్కి నోరు తెరిపించింది. చేతులు రెండూ పట్టుకున్నది నేనే, దాచడం దేనికి. మూడో గుక్కకి పొలమారింది, అమ్మ మాడు మీద తడుతూ "ఎవరో తలుచుకుంటున్నారు బంగారుతల్లిని" అంటూ ఉండగానే జావా, అంతకుముందు తాగిన పాలూ మొత్తం ఆవిడ చీర మీదకి వచ్చేశాయి. అరగంట వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. ఆ తర్వాత ఆ వెండి గిన్నె కనిపిస్తే చాలు, ఏడుపు లంకించుకునేది. రెండు మూడు రోజులు బాల్కనీలో కాకుల్ని చూపించి, ఆ తర్వాత సిగ్గు లేకుండా ఫోన్‌లో బొమ్మలు చూపించి, పిల్ల నోరు తెరిచి చూస్తుంటే లోపలికి తోసేశాం. నాకే ఎవడైనా అలా పెడితే ఊరుకుంటానా?

ఆ వారం చివర ఓ ఆదివారం విసుగొచ్చి, ఈ పూట ఏం తినకపోయినా పర్లేదు, పాలు తాగుతుందిలే అని పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని నా ఇడ్లీలు నేను తింటున్నాను. ఒక్కసారి ముందుకి వంగి, ఇడ్లీ ముక్క గుప్పిట్లో పట్టేసి, నోట్లో కుక్కుకుంది. గిన్నె చూస్తే ఏడ్చే పిల్ల! సగం నా లుంగీ మీద, పావు వంతు జుట్టులో, మిగిలింది లోపలికి పోయింది. రెండో ముక్కకి ఓక్ మంది. మొహం ఎర్రబడింది, నాలుక బయటికొచ్చింది, కళ్లలో నీళ్లు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఒరేయ్, గొంతులో పడిందిరా, వేలు పెట్టి తియ్యరా" అని అరుస్తోంది. నా చేతులు వణుకుతున్నాయి. నేను కదిలేలోపే పిల్ల దగ్గి ఆ ముక్కని గడ్డం మీదకి నెట్టేసి, మళ్లీ నా ప్లేటు వైపు చెయ్యి చాపింది.

ఇది మాత్రం అత్తగారికి, అమ్మకి ఇద్దరికీ చదివి వినిపించండి. దగ్గుతూ, ఓకరిస్తూ, శబ్దం వస్తుంటే పిల్ల తన పని తను చేసుకుంటోందని అర్థం, మీరు కదలకుండా చూస్తూ ఉండండి. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టకండి, ఇంకా లోపలికి పోతుంది. శబ్దం రాకుండా, ఏడవలేక, పెదాలు నీలంగా మారితే అది అసలు ప్రమాదం. ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెక్కల మధ్య అరచేతి మొదలుతో అయిదు దెబ్బలు వెయ్యాలి. రాకపోతే తిప్పి, రొమ్ము మధ్యలో ఒక అరచేతి మొదలుతో అయిదు సార్లు నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్లు ఉన్నవి ఉన్నట్టే పెట్టకూడదు, పచ్చి క్యారెట్ ముక్కలూ అంతే.

ఏడో నెల నిండాక బరువు చూపిస్తే నెలలో 150 గ్రాములే పెరిగింది. అంత జావ తాగితే ఇదేంటని అమ్మ డీలా పడిపోయింది. డాక్టరమ్మ మేం పట్టుకెళ్లిన డబ్బాలోంచి స్పూనుతో జావ తీసి, స్పూను పక్కకి వంచింది. మొత్తం టపటపా కారిపోయింది. "నీళ్లతో పొట్ట నిండిపోతోందమ్మా, ఇలా వంచినా స్పూనుని పట్టుకుని ఉండాలి" అంది, అంతే. ఆ రోజు నుంచి చిక్కగా చేసి, అర చెంచా నెయ్యి కలిపి పెట్టాం. రెండు మూడు చెంచాలతో మొదలై ఎనిమిదో నెలకి చిన్న కప్పులో సగం దాకా వచ్చింది, రోజుకి మూడుసార్లు. మధ్యలో తల తిప్పితే గిన్నె తీసేసేవాళ్లం. మొదటి నాలుగు రోజులూ అమ్మ నాతో మాట్లాడలేదు.

ఇంకో సంగతి, ఉప్పు. ఏడాది దాకా ఉప్పు, రెండేళ్ల దాకా పంచదార అక్కర్లేదు. చప్పిడి ఎలా తింటుందిరా అని అమ్మ బాధ, చప్పిడంటే ఏంటో దానికి తెలిస్తే కదా బాధపడటానికి! తేనె అసలే వద్దు, నాలిక మీద రాయడం కూడా వద్దు, ఏడాదిలోపు పిల్లలకి తేనెలో ఉండే బీజాల వల్ల బొటులిజం అనే జబ్బు రావచ్చు. మా మామయ్యగారిది గుంటూరు. గుంటూరు మనవరాలు కదా అని ఒకరోజు గోంగూర పచ్చడి వేలికి రాసుకుని పాప నోటి దాకా తెచ్చారు. మా ఆవిడ "నాన్నా!" అని అరిచిన అరుపుకి వేలు ఆయన నోట్లోకే పోయింది.

డబ్బా ఫుడ్ గురించి పై ఫ్లాట్ ఆంటీ మెట్ల మీద దొరికినప్పుడల్లా క్లాసు పీకేది, మీ పిల్ల ఎండిపోయింది, మా మనవడు చూడు అని. డబ్బా పాలకి ప్రకటనలు ఇవ్వకూడదని మన దగ్గర 1992లోనే చట్టం చేశారు, 2003లో రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారాన్ని కూడా అందులో చేర్చారు. ఆంటీలకి మాత్రం వర్తించదు అనుకుంటా.

మీ ప్రశ్నకే వస్తే, ఉగ్గు అంటే బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి రవ్వలా పట్టించడమే, వారానికి సరిపడా చాలు, ఎక్కువ పడితే పురుగు పడుతుంది. రాగులు మొలకెత్తించి పట్టించండి. రెండింట్లోనూ ఐరన్ కోసం అంతగా చూడకండి, దానికి బాగా ఉడికించి మెత్తగా చిదిమిన గుడ్డు, తింటారనుకుంటే కోడి లివర్ వారంలో ఒకసారి, శాకాహారులైతే పప్పులో పాలకూర వేసి నాలుగు చుక్కల నిమ్మరసం. గుడ్డులో తెల్లసొన ఏడాది దాకా ఆపక్కర్లేదు. తల్లిపాలు మాత్రం మానిపించకండి, ఇప్పటికీ అసలు తిండి అదే.

స్పూన్లు రెండు కొనండి, ఒకటి బాబు చేతిలో పెట్టడానికి. కింద పాత దుప్పటి పరవండి. మా పాపకి ఇప్పుడు రెండేళ్లు, ముద్దపప్పు అన్నం తనే కలుపుకుంటుంది, గోడ మీద కూడా కాస్త పెడుతుంది. ఉగ్గుగిన్నె దేవుడి గూట్లోకి చేరింది. ముక్కు ఉంది కదా, దీపంలో నూనె పోస్తే ఒక్క చుక్క ఒలకదని అమ్మ ముచ్చటపడుతుంది.