వాన పడితే వచ్చే ఫోన్

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. పెళ్లయి తొమ్మిదేళ్లు. నాకు భావకవిత్వమంటే ప్రాణం. నేను రాసుకునే నోటుబుక్ మొన్న మావారి కంటపడింది. నాలుగు పేజీలు తిప్పి, నవ్వి, "అది సరే, కరెంటు బిల్లు కట్టావా?" అన్నారు. వాన మొదలైతే చాలు, "మలక్‌పేట బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి, బస్సెక్కకు, మెట్రోలో వచ్చెయ్" అని ఫోన్ చేస్తారే తప్ప, వానలో కాసేపు నడుద్దాం అనరు. రొమాంటిక్‌గా ఉండటం నా లోపమా?

జవాబు: లోపం కాదమ్మా. రాయడం మానకండి. అడగకుండా నోటుబుక్ తిరగేయడం, పైగా నవ్వడం ఆయన తప్పే. గొడవ లేని పూట చూసి, "అప్పుడు నా మనసు చివుక్కుమంది" అని చెప్పండి. అంతకు మించి ఉపన్యాసం అక్కర్లేదు.

అయితే రొమాంటిక్ అంటే వానా వెన్నెలా అన్నది మనకు సినిమాలు నేర్పిన లెక్క. 1798లో ఇంగ్లండ్‌లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి వేసిన కవితల పుస్తకంతో రొమాంటిసిజం అనే కవిత్వ ధోరణి ఊపందుకుంది. అందులో కాళ్లు వాచిన ఒక ముసలి వేటగాడు ఉంటాడు. మోడు వేరు నరకలేక అవస్థ పడుతుంటాడు. దారిన పోయేవాడొకడు పనిముట్టు అందుకుని ఒక్క వేటుతో తెగ్గొడతాడు. ముసలాయనకు కళ్లనీళ్లు తిరుగుతాయి. కథంతా అంతే! ఇంత చిన్న సంగతి దగ్గర ఆగి చూడటం కూడా రొమాంటిసిజమే.

ఆ ధోరణి ప్రభావంతో తెలుగులో వచ్చిందే మీకిష్టమైన భావకవిత్వం. దానికి ఆద్యుడైన మన రాయప్రోలు సుబ్బారావుగారు ఉస్మానియాలో తెలుగు పాఠాలు చెప్పినాయన. ఆయన చెప్పిన అమలిన శృంగారంలో ప్రేమకు స్పర్శతో పనిలేదు. పద్యంలో ఎంతో బాగుంటుంది. (నాకూ ఇష్టమే.) కానీ ఇంట్లో మనిషిని దాంతో కొలిస్తే ఆయన ఎప్పుడూ తక్కువే తూగుతాడు. ఊహలో ఉన్నవాడు గురక పెట్టడు, బిల్లు అడగడు.

ఇప్పుడు మీ ఉత్తరమే మళ్లీ చదువుకోండి. మబ్బు పట్టగానే, ఎంత పనిలో ఉన్నా, ఆయనకు మీరొచ్చే దారి గుర్తొస్తోంది. మీరు దాన్ని ఫిర్యాదుల్లో రాశారు! ఆ ఫోన్ మీద నాలుగు లైన్లు రాసి చూడండి. చూపించాలా వద్దా అన్నది తర్వాత సంగతి.

ఇక వానలో నడవడం అంటారా, ఆయనకు సూచనగా చెబితే అందేలా లేదు. "ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నడుద్దాం, గొడుగు వద్దు" అని నేరుగా అడగండి. బిల్లు మాత్రం శనివారమే కట్టేయండి.