పేరు మారిస్తే చాలదు

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రెండు కథలూ చదివాను. వైద్యం గురించి, చిన్న ఊరి గురించి రాయాలని నువ్వు పూనుకున్నందుకు సంతోషించాను. అడిగింది సలహా కనుక మెప్పును పక్కన పెట్టి, నాకు తృప్తినివ్వని చోట్ల నుంచే మొదలుపెడతాను.

మొదటి కథలో పురుగుమందు తాగిన రైతు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, అప్పుల లెక్కంతా పూసగుచ్చినట్టు చెప్పి కన్ను మూశాడు. రైతులు మోనో అని పిలిచే మోనోక్రోటోఫాస్ తాగినవాడు అలా మాట్లాడలేడు. నోటి వెంట చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి, కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవైపోతాయి, ఊపిరితిత్తుల్లో నీరు ఊరి ఆయాసం ముంచుకొస్తుంది. ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షన్లు ఒకదాని వెంట ఒకటి ఇస్తూ, ఛాతీలో గరగర తగ్గిందా, నాడి పెరిగిందా అని చూస్తూ, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి బండి కోసం ఎదురుచూడడమే ఆ రోజుల్లో మా వైద్యం. అట్రోపిన్ ఎక్కువైతే మనిషికి మతి తప్పుతుంది. దుప్పటిని వేళ్లతో గిల్లుతూ, గాలిలో ఏదో ఏరుతూ ఉంటాడు. తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసిన 1987-88లో అలాంటి చేతులను చూశాను. పత్తి తీస్తున్నాననుకుంటున్నాడని భార్య ఏడ్చేది. మాకు మాత్రం అది మోతాదు తగ్గించాలన్న గుర్తు. ఆ ఇద్దరి చూపునూ ఒకే పేరాలో పెట్టగలిగితే నీ రైతు నోరు విప్పనక్కర్లేదు.

రెండో కథ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా జరిగినదేనని నువ్వే రాశావు. క్షయ వచ్చిన పెళ్లికాని అమ్మాయి పేరు మార్చావు, బాగుంది. కానీ తండ్రిది మిరపకాయల కమీషన్ వ్యాపారమనీ, ఇల్లు శివాలయం వెనక సందులో ఉందనీ, అన్న అమెరికాలో ఉంటాడనీ అన్నీ ఉన్నవున్నట్టు ఉంచావు. ఇక ఆ ఊరివాళ్లకు పేరుతో పనేముంది?

నేను ప్రాక్టీసు చేసిన ఊళ్లో (పేరు రాయడం లేదు, కారణం నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది) మందుల చీటీని మెడికల్ షాపు కుర్రాడు చదివేవాడు, అతని వెనక నిలబడ్డవాళ్లూ చదివేవారు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ అన్న పేర్లు చూస్తే జబ్బేమిటో తెలిసిపోయేది. అందుకే కొందరు బస్సెక్కి గుంటూరు కొత్తపేటకు వచ్చి మందులు కొనుక్కునేవారు. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజరంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పడుతోందని హడలిపోతారు, చెబితే పనిమనిషి కంట పడుతుందేమోనని బెంగపడతారు. మందు ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు చేసి, సరిగ్గా అప్పుడే ఏదో సంబంధం వస్తుంది. పెళ్లివారు వచ్చే ఇంట్లో ఆ మందులు కనబడకూడదని మానిపిస్తారు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాదు, ఈసారి ఆ మందులకు లొంగకపోవచ్చు కూడా. అలాంటి ఆడపిల్లల మాత్రలు నా బల్ల సొరుగులో ఉండేవి. బలానికి టానిక్కు రాయించుకునే మిషతో వచ్చి, నా ఎదుటే వేసుకుని వెళ్లేవారు. ఈ దాపరికమంతా నీ కథకు సరుకే, ఇందులో ఏ ఒక్కరి ఆనవాలూ అవసరం లేదు.

ఊరు మార్చు, కాలం మార్చు, అన్నను అక్కను చెయ్యి. జబ్బు నడకను మాత్రం మార్చకు. ఒక్కోసారి వృత్తిని మార్చడం కుదరదు: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు మిర్చి పోటెత్తే రోజుల్లో బస్తాలు మోసే హమాలీకి వచ్చే దగ్గును తీసుకెళ్లి బ్యాంకు గుమాస్తాకు అంటగట్టలేవు. అలాంటప్పుడు మనిషిని ఉంచి కుటుంబాన్ని మార్చు. రోగి గుట్టు బయటపెట్టకూడదని డాక్టర్లకు వైద్య మండలి 2002 నాటి నియమావళి ఉంది. కథకుడికి అలాంటి మండలి ఏదీ లేదు, కాబట్టి ఆ కాపలా నువ్వే కాసుకోవాలి.

రోగి అసలు మాట చీటీ అందుకుని లేచాక, గుమ్మం తెర దగ్గర ఆగి, "ఇంకొక్క మాట డాక్టరు గారూ" అన్నప్పుడు వస్తుంది. కోడలి బాధను అత్తగారే చెప్పే ఇళ్లలో అదీ రాదు. ఏదో పని పురమాయించి అత్తగారిని బయటకు పంపితే గానీ ఆ పిల్ల నోరు తెరవదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ మిషనరీ వైద్యురాలు డాక్టర్ అనా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. మగ వైద్యుడికి నాడి కూడా చూపించని ఆ కాలపు ఆడవాళ్లు ఆమెతో ఏమేం చెప్పుకున్నారోనని నాకు ఇప్పటికీ కుతూహలమే. నీ కథల్లో డాక్టరే ఎక్కువ మాట్లాడుతున్నాడు, తగ్గించు.

అన్నట్టు, పాతకాలపు డాక్టరును దేవుణ్ణి చెయ్యకు. జ్వరానికి సూది వెయ్యని డాక్టరు దగ్గరికి జనం రెండోసారి వచ్చేవారు కాదు, నీరసానికి గ్లూకోజు ఎక్కించమని పట్టుబట్టేవారు. ఆ ఒత్తిడికి తలొగ్గనివాళ్లు మాలో తక్కువే.

రెండో కథను తిరగరాశాక అచ్చుకు పంపే ముందు ఆ ఊరివాడెవరికైనా చదివి వినిపించు. "ఫలానావారి అమ్మాయేనా?" అని అడిగితే మళ్లీ రాయి. మొదటి కథలో అట్రోపిన్ దగ్గర అనుమానాలొస్తే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం నిద్రపోతాను కనుక సాయంత్రం అయిదు దాటాక చెయ్యి.

ఆశీస్సులతో,
మీ తాతగారి పాత స్నేహితుడు