ఫైలు ఆగేది బద్ధకంతో కాదు, సంతకం భయంతో

బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాట్ కొని ఖాతా మార్పుకి, అంటే పన్ను రికార్డులో ఆస్తిని మీ పేరు మీదికి మార్చడానికి, పెట్టుకుంటే నెలలుగా 'పరిశీలనలో ఉంది' అంటున్నారు, లంచం లేకుండా కదిలే దారి ఉందా అని కదా మీ ప్రశ్న. ఉందండి. ముందు బల్లకి అవతలి వైపు నుంచి చూడండి. ఆలస్యానికి మెమో రావడం అరుదు. తప్పు సంతకానికి మాత్రం ఆడిట్ అభ్యంతరం రిటైరయ్యాక కూడా వెంటపడుతుంది. అవినీతి నిరోధక చట్టం 13వ సెక్షన్‌లో, దురుద్దేశం లేని నిర్ణయానికీ అధికారిని ఇరికించగల క్లాజు 2018 దాకా ఉండేది. క్లాజు పోయింది, అలవాటైన భయం పోలేదు. అందుకే ఏ చిన్న తేడా కనిపించినా ఫైలు పక్కకి పోతుంది.

మన తెలుగువాళ్లకి ఆ తేడా తరచూ పేరులోనే ఉంటుంది: సేల్ డీడ్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు. అడిగేదాకా ఆగకుండా, రెండూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జత చేయండి. పైన ఒక్క పేజీ కవరింగ్ లెటర్ పెట్టండి. సేల్ డీడ్ నంబరు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం) ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, పన్ను రసీదు ఏ సంవత్సరానిది, ఏది ఏ పేజీలో ఉంది, ఇంతే. కన్నడలో రాయిస్తే ఆ వాక్యాలే నోట్‌షీట్‌లోకి, అంటే ఫైల్లో అధికారులు అభిప్రాయం రాసే కాగితంలోకి ఎక్కుతాయి, ఫైలు చూసే గుమస్తాకి (కేస్‌వర్కర్) సగం పని తప్పుతుంది. అన్నిటికన్నా బలమైన కాగితం, అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరికి ఇప్పటికే ఇచ్చిన ఖాతా నకలు. మొదటి సంతకం పెట్టడానికి జంకేవాళ్లు కూడా రెండోదానికి పెద్దగా వెనకాడరు.

ఆపైన ఆలస్యం అధికారికంగా లెక్కలోకి ఎక్కేలా చూడాలి. ప్రభుత్వ సేవలకి గడువు పెట్టిన కర్ణాటక 'సకాల' చట్టం (2011) కింద దరఖాస్తుకి వచ్చే 15 అంకెల జీఎస్‌సీ నంబరు లేకుండా గడువు లెక్క మొదలవదు. ముందు అది చేతిలో పడాలి. గడువు దాటితే పరిహారం రోజుకి 20 రూపాయలు, మొత్తం 500 మించదు. ఆటో ఖర్చులకైనా సరిపోదనుకోండి, అసలు పట్టు అప్పీలులో ఉంది. ఆఖరి రోజున 'ఒక కాగితం తక్కువైంది' అని తిప్పి పంపడం పాత ఎత్తే. నోటిమాటతో వచ్చేయకండి, 'హింబరహ' అడగండి, అంటే కారణం రాసి సంతకం చేసిన జవాబు.

అప్పటికీ కదలకపోతే 10 రూపాయలతో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి. కర్ణాటకలో ఒకే విషయం, 150 పదాల లోపు. తెలుగులో చెల్లదు, కన్నడ, ఇంగ్లీషు, హిందీల్లో ఏదైనా సరే. 'ఎందుకు ఆలస్యం' అని అడిగితే 'అది సమాచారం కాదు' అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. నోట్‌షీట్ నకలు, ఫైలు ఏ తేదీన ఏ హోదా అధికారి దగ్గరికి వెళ్లిందో ఆ వివరం అడగండి. 2025 సెప్టెంబరులో బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ ఐదు పాలికలుగా విడిపోయింది కనుక మీ దరఖాస్తు తప్పు కార్యాలయానికి చేరొచ్చు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి. జవాబుకి గడువు 30 రోజులు. దాటితే నకళ్లు ఉచితం, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

మొదట్లోనే ముఖ్యమంత్రికి ఫిర్యాదు పెట్టకండి. అది 'నివేదిక పంపండి' అనే నోట్‌తో మెట్లు దిగి అదే కేస్‌వర్కర్ బల్లకి వస్తుంది, ఆ నివేదిక రాయడం కోసం మీ ఫైలు ఇంకొన్నాళ్లు ఆగుతుంది.