నలభై దాటాక పైన్ అడవుల్లో మౌంటెన్ బైకింగ్ మొదలుపెట్టాలంటే మూడు వేల డాలర్ల సైకిల్ కొనాలా?

అడిగినాయన అట్లాంటాకి ఉత్తరాన ఉంటారట. వయసు నలభై దాటింది, ఇంటికి దగ్గర్లో ఉన్న పైన్ అడవుల్లో కొండ ట్రయల్స్ తొక్కాలని ఉంది, మూడు వేలు పెట్టి ఫుల్ సస్పెన్షన్ సైకిల్ తీసుకోవాలా, తక్కువలో సరిపెట్టుకోవచ్చా అని ప్రశ్న. మూడు వేలు వద్దండీ. హార్డ్‌టెయిల్ అని, ముందు చక్రానికి మాత్రమే కుదుపులు ఆపే సస్పెన్షన్ ఫోర్కు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉన్న సైకిల్ వెయ్యి డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది, మన దగ్గరి ట్రయల్స్‌కి అది ధారాళంగా చాలు. వెనక సస్పెన్షన్ అనేది గెంతులేసేవాళ్ళకి, పెద్ద బండరాళ్ళ మీద నుంచి దూకేవాళ్ళకి కావాలి. అయితే నేను రాద్దామనుకున్నది సైకిల్ ధర గురించి కాదు, బ్రేకుల గురించి. ఇది మనవాళ్ళకి ఎవరూ చెప్పరు.

మన దేశంలో పెరిగినవాళ్ళకి కుడిచెయ్యి అంటే ముందు బ్రేకు. సైకిలైనా స్కూటీ అయినా అంతే, ఎడమ చేతిది వెనక చక్రానికి. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి ఇది తిరగబడి ఉంటుంది, ఎడమ చేతిలో ముందు బ్రేకు. ఊళ్ళో చదునైన రోడ్డు మీద తిరిగినంతకాలం తేడా తెలియదు. అడవిలో దిగుడు మొదలైనప్పుడు తెలుస్తుంది.

మా బావగారు గుంటూరు నుంచి ఓ ఏప్రిల్‌లో వచ్చారు. పైన్ పుప్పొడి రాలి కార్లన్నీ పసుపు పూసినట్టు ఉండే రోజులు. ఆయన రోజూ తెల్లవారుజామున సైకిల్ తొక్కే మనిషి, ఓపికలో నన్ను మించినవాడు. కాంటన్‌లో బ్లాంకెట్స్ క్రీక్ అనే సైకిల్ ట్రయల్స్ ఉన్న చోటికి తీసుకెళ్ళాను. పార్కింగ్‌లోనే చెప్పాను, బావగారూ ఇక్కడ ఎడమ చేతిది ముందు బ్రేకు, జాగ్రత్త అని. విన్నారు, రెండుసార్లు నొక్కి చూసుకున్నారు కూడా. మస్కిటో ఫ్లాట్స్ అనే చిన్న చుట్టు హాయిగా తొక్కారు, తర్వాత పెద్ద ట్రయల్‌కి వెళ్ళాం. ఒక చోట దారి కిందికి దిగుతూ ఎడమకి తిరుగుతుంది, తిరగ్గానే మణికట్టంత లావు పైన్ వేళ్ళు మూడో నాలుగో దారికి అడ్డంగా పైకి లేచి ఉన్నాయి. వాటిని చూసి ఆయన కంగారుపడ్డారు. కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోయింది, ఎడమ లీవర్ మొత్తం బిగించేశారు. ముందు చక్రం వేరు దగ్గర బిగుసుకుపోయి, వెనక చక్రం గాల్లోకి లేచి, మనిషి హ్యాండిల్ మీద నుంచి ముందుకెళ్ళి పడ్డారు. హెల్మెట్ ముందుభాగం విరిగింది, మోచెయ్యి కొట్టుకుపోయింది. దేవుడి దయవల్ల ఎముకలకి ఏమీ కాలేదు. వెనకే వస్తున్న ఒక పెద్దావిడ సైకిల్ పక్కన పడేసి పరిగెత్తుకొచ్చి, భుజం ఎముక తడిమి చూసి, వేళ్ళు కదపమని, కాసేపు లేవద్దని చెప్పింది. బావగారు మీసంలో పైన్ ఆకులతో అలాగే కూర్చుని నన్ను అడిగిన మాట ఇది: "వెనక బ్రేకే కదా బామ్మర్దీ నొక్కింది, బండి ముందుకెందుకు లేచింది?"

చెవి విన్నదాన్ని చెయ్యి వినదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు పార్కింగ్‌లో రెండు నిమిషాలు చెబితే పోదు. అందుకే బ్రేకులు అటుదిటు మార్పించుకోండి అంటున్నాను.

ఇది నిబంధనలకి విరుద్ధమేమో అని భయపడక్కర్లేదు. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ నియమాల్లోనే ముందు బ్రేకు ఎడమ వైపు, వెనకది కుడి వైపు ఉండాలని ఉంది, కొనేవాళ్ళు కోరితే తిప్పి ఇవ్వచ్చని కూడా అక్కడే ఉంది. ఇంగ్లండులో ముందు బ్రేకు కుడి చేతికే, మోటార్‌సైకిల్ నడిపే అమెరికన్లు కూడా కొంతమంది ఇలాగే మార్పించుకుంటారు. నేను మొదట వెళ్ళిన కొట్టులో కుర్రాడు నవ్వి, ఎవరూ అలా అడగరు, అలవాటైపోతుందిలే అన్నాడు. అలవాటయ్యేలోపు పళ్ళూడితే ఎవరు కట్టిస్తారు? ఇంకో కొట్టుకి వెళితే గొట్టాలు విప్పి, అటుదిటు ఇటుదటు బిగించి, ఆయిల్‌లో గాలి బుడగలు తీసేసి ఇచ్చారు. కొత్త సైకిల్ కొనేటప్పుడే అడిగితే చాలాచోట్ల కాదనరు.

అలాగని ముందు బ్రేకు వాడకూడదని కాదు. దిగుడులో బ్రేకు వేస్తే బరువు ఎక్కువగా ముందు చక్రం మీదకే వస్తుంది, సైకిల్‌ని నిజంగా ఆపేది అదే. ఒక్క వేలితో, మెల్లగా, చెట్టు వేళ్ళు రాకముందే పట్టాలి. ఆ చెట్టు వేళ్ళ మీద ఉన్నప్పుడు రెండు బ్రేకులూ వదిలేసి, సీటు మీద నుంచి లేచి, వాటిని ఏటవాలుగా కాకుండా నేరుగా దాటాలి. తడి వేరు మీద ఏటవాలుగా వెళ్ళారా, చక్రం జారిపోతుంది.

ఇక పైన్ ఆకులు. ఇక్కడ ఇళ్ళ ముందు మొక్కల చుట్టూ పరచడానికి కట్టలు కట్టి అమ్మే పైన్ స్ట్రా ఇదే. లాబ్లాలీ పైన్ ఆకు జానెడు పొడుగుంటుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో విపరీతంగా రాలుతుంది. కింద గట్టి మట్టి, పైన ఎండిన ఆకు పొర, దాని కింద వేరుందో రాయుందో కనపడదు. చూడటానికి మెత్తటి పరుపులా ఉంటుంది గానీ మలుపులో బ్రేకు వేస్తే టైరు పట్టు తప్పుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించుకోండి. టైర్లలో గాలి కూడా చూసుకోండి, కొట్టులో నలభై పీఎస్‌ఐ దాకా కొట్టి పంపిస్తారు. డెబ్భై, డెబ్భై అయిదు కిలోల మనిషికి, వెడల్పాటి ట్యూబ్‌లెస్ టైర్లయితే ఇరవై రెండు, ఇరవై నాలుగు చాలు, ట్యూబులుంటే ఇంకో నాలుగైదు. సస్పెన్షన్‌కి పోసే డబ్బు కంటే ఈ గాలి తీయడం వల్ల వచ్చే సుఖం ఎక్కువని నా గట్టి నమ్మకం.

దయచేసి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రావద్దు. వెనకవాడు అరిచినా వినపడదు. ఆకుల్లో కాపర్‌హెడ్ అనే విషప్పాము పడుకుని ఉంటే కంటికి ఆనదు, ముందున్నవాళ్ళు కేకేసి చెబితేనే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది నా కడుపుమంట. వాన పడ్డాక ట్రయల్ మూసేశారంటే మూసేసినట్టే. జార్జియా ఎర్రమట్టి బంకమట్టి, తడిలో తొక్కితే చాళ్ళు పడి, ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది. మన పిల్లల బృందాలు శనివారం సెలవు కదా అని గేటు పక్కనుంచి దూరి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఈ దారులు ప్రభుత్వం వేసి వదిలేసినవి కావు. బ్లాంకెట్స్ క్రీక్‌ని చూసుకునేది వుడ్‌స్టాక్ సోర్బా అనే మౌంటెన్ బైకింగ్ సంఘం వలంటీర్లు, వాన నీళ్ళు దారి మీద పారకుండా పక్కకి పోయేలా వాలు సరిచేసేది వాళ్ళే. కార్తీక వనభోజనాలకి ఇవే పైన్ చెట్ల కింద షెల్టర్లు బుక్ చేసుకుని వందలమందిమి వస్తాం, ట్రయల్ పని ఉన్న రోజున మాత్రం తెలుగు మాట వినపడదు. ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ మొట్టమొదట జరిగింది 1996లో, మన పక్కనున్న కానియర్స్‌లో. ఇలాంటి చోట ఉంటూ పార పట్టుకోకపోతే ఎలా?

కాబట్టి హార్డ్‌టెయిల్ తీసుకోండి, బ్రేకులు మార్పించండి, మంచి హెల్మెట్ కొనండి, మిగిలిన డబ్బు దాచుకోండి. ట్రయల్ పనికి వచ్చేటప్పుడు మాత్రం పాత బూట్లు వేసుకోండి, ఆ ఎర్రమట్టి మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.