ప్యానెళ్లు మార్చకు, ముందు చెయ్యి పెట్టి చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ మాటలు విన్నాక, ఇది కాగితం మీద పెట్టి పంపడమే మంచిదనిపించింది. పంపు పక్కన నిలబడి చదువుకోవచ్చు. వారం రోజులుగా పూల్ వేడెక్కడం లేదు, దిగిన పిల్లలు వణుకుతూ పైకి వచ్చేస్తున్నారు, చూడ్డానికి వచ్చిన మనిషేమో పూల్ నీళ్లను ఎండకు వేడిచేసే కప్పు మీది సోలార్ ప్యానెళ్ల పని అయిపోయింది, కొత్తవి వేయించుకోండి అన్నాడు. ఆ మాటకు అప్పుడే సరేనకు తల్లీ. మీ ఇంటి మీద ఉన్నలాంటి ప్యానెల్లో కదిలే భాగం ఒక్కటీ లేదు. వరసగా నల్లటి సన్న గొట్టాలు, పైనొకటి కిందొకటి లావుపాటి పైపు, అంతే. అది పాడైతే కారుతుంది. చుక్క కూడా కారని ప్యానెల్ ఉన్నట్టుండి ఒక్క వారంలో వేడి పట్టడం మానేయదు. తప్పు నీళ్లు పైకెక్కే దారిలో ఉంటుంది, లేదా వేడి కొలిచి వాటిని ఎక్కమని చెప్పే సెన్సార్లలో ఉంటుంది. అవి చూశాకే ప్యానెళ్ల సంగతి.

తిరిగి పూల్లో పడే నీళ్లు వెచ్చగా తగలడం లేదని చాలా దిగులుపడ్డావు. వెచ్చగా తగలక్కర్లేదమ్మా. సరిగ్గా పనిచేసే సిస్టమ్‌లో నీళ్లు ఒకసారి పైకి వెళ్లివస్తే పెరిగేది రెండు మూడు డిగ్రీలే. చేతికి ఆ తేడా దాదాపు తెలియదు. అవే నీళ్లు పగలంతా తిరుగుతూ ఉంటే పూల్ మెల్లగా వేడెక్కుతుంది. నీళ్లు నెమ్మదిగా పంపితే బాగా కాగుతాయని కొందరు వాల్వు సగం మూసేస్తారు. అది పెద్ద పొరపాటు. మీ ప్యానెళ్లకు పైన అద్దం లేదు. ఒళ్లు కాగిన ప్యానెల్ తను పట్టిన వేడిని గాలికి పారబోస్తుంది. చల్లగా ఉన్న ప్యానెలే ఎండను బాగా దాచుకుని నీళ్లకిస్తుంది.

అందుకే నా మొదటి పరీక్ష చేత్తోనే. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, పంపు నడుస్తున్నప్పుడు, నిచ్చెన కింద ఒకరిని పట్టుకోమని, ప్యానెల్ కింది అంచు అందేంతవరకే ఎక్కు. కప్పు తడిగా ఉంటే ఆ రోజుకు వద్దు. ముందు వేళ్ల వెనక వైపు తాకించి, మరీ వేడిగా లేకపోతే అరచెయ్యి ఆనించు. చుట్టూ కప్పు కాలిపోతున్నా ప్యానెల్ మాత్రం పూల్ నీళ్లంత చల్లగా ఉండాలి. అలా ఒక్కొక్కటీ తాకి చూడు. అన్నీ చల్లగా ఉంటే నీళ్లు బాగానే పారుతున్నాయి, లోపం ఇంకెక్కడో ఉంది. అన్నీ మండుతుంటే నీళ్లు పైకే రావడం లేదు. రెండు మండుతూ మిగతావి చల్లగా ఉంటే పంపకం సరిగ్గా లేదు. అప్పుడు పైపులు ఎలా కలిపారో చూడు. నీళ్లు వరసకు ఒక చివర కింద నుంచి ఎక్కి, ఎదుటి చివర పైనుంచి బయటికి రావాలి. రావడం పోవడం రెండూ ఒకే చివర పెడితే నీళ్లు దగ్గరి దారి చూసుకుంటాయి, దూరాన ఉన్న ప్యానెళ్లకు అందవు.

అన్నీ మండుతున్నాయనుకో, నిచ్చెన దిగి వచ్చేయి. ఇక పైన నీకు పని లేదు.

మొట్టమొదట టైమర్ చూడు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒకసారి మా పూల్ ఇలాగే చల్లబడిపోయింది. రెండు రోజులు కప్పు మీదే గడిపాను. ప్రతి గొట్టం తడిమాను, ప్రతి క్లాంపు బిగించాను. మూడో రోజు తెల్లవారుజామున మెలకువ వస్తే పంపు మోత వినపడింది. ఆ వేళప్పుడు అది నడవకూడదు. వెళ్లి చూస్తే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆగుతూ కదులుతూ టైమర్ గడియారం పన్నెండు గంటలు వెనకబడి ఉంది. పంపు రాత్రంతా నడిచి, ఎండ ఎక్కేసరికి పడుకుంటోంది. ముల్లు తిప్పి సరిచేయడానికి నిమిషం పట్టింది. నువ్వు కూడా ముందు అక్కడ చూడు. పంపు ఉదయం ఎండ ప్యానెళ్ల మీద పడ్డప్పటి నుంచి సాయంత్రం ఎండ తగ్గేదాకా నడవాలి. రాత్రి కరెంటు చవకని ఎవరైనా వేళలు మార్చారేమో కూడా అడుగు.

తర్వాత ఫిల్టర్ మీద నీళ్ల ఒత్తిడి చూపే గేజి. ఫిల్టర్ శుభ్రం చేసిన రోజున ముల్లు ఎక్కడుందో అక్కడే మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. ఆ గీత లేకపోతే గేజి ఉండీ లేనట్టే. ముల్లు దానికంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పైకి పోతే ఫిల్టర్ నిండింది, బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లు ఎదురు దిశలో పంపి కడగాలి. గీత కంటే కిందికి పోతే పంపుకే నీళ్లు సరిగ్గా అందడం లేదు. ఆకులు పట్టే బుట్టలు చూడు, పూల్ మట్టం చూడు. ఫిల్టర్ మూత విప్పాల్సి వస్తే మెయిన్ ఆఫ్ చేసి, గేజి సున్నాకు వచ్చేదాకా గాలి వదిలాకే బోల్టు మీద చెయ్యి వేయి. ఒత్తిడి మీద ఉన్న మూత ఎగిరి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

మీది వేగం మార్చుకునే పంపు అయితే ఇంకో సంగతి ఉంది. తక్కువ వేగంలో ఫిల్టర్ గుండా నీళ్లు చక్కగా తిరుగుతాయి గానీ, అంతే బలానికి నీళ్లు కప్పెక్కవు. ఆరు మీటర్ల ఎత్తుకు నీళ్లు నెట్టాలంటే ఆ ఎత్తుకే దాదాపు 8.5 పీఎస్‌ఐ కావాలి. పైపులన్నీ నిండి నీళ్లు అటువైపు దిగడం మొదలయ్యాక భారం తగ్గుతుంది. అందుకని మొదటి ఐదు నిమిషాలు ఎక్కువ వేగం, ఆ తర్వాత సోలార్‌కంటూ వేరే వేగం పెట్టాలి.

ఇంతవరకూ బాగుంటే మూడు దారుల వాల్వు దగ్గరికి వెళ్లు. నీళ్లను కప్పు మీదికి పంపాలా, నేరుగా పూల్‌కా అని తిప్పేది అదే. దాని నెత్తిన ఉన్న మోటారు పెట్టెకు వెనక చిన్న మీట ఉంటుంది. అటూ ఇటూ ఉంటే పనిచేస్తుంది, మధ్యలో ఉంటే ఆగిపోతుంది. పూల్ కడగడానికి వచ్చినవాళ్లు దాన్ని మధ్యలో పెట్టి మరిచిపోవడం మామూలే. ఆ వాల్వును తిప్పించే కంట్రోలర్‌ను చేత్తో నడిపే స్థానంలో పెట్టి, వాల్వు పిడి తిరుగుతుందో లేదో కళ్లారా చూడు. తిరిగి, నీళ్లు పైకెక్కి, ప్యానెళ్లు చల్లబడితే పైపులు, పంపు, వాల్వు అన్నీ బాగున్నట్టే. ఇక అనుమానం సెన్సార్ల మీదే.

సెన్సార్లు రెండు. ఒకటి కప్పు మీద ఎండలో, ఒకటి కింద నీళ్ల పైపులో. పైది కిందిదాని కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చూపిస్తేనే కంట్రోలర్ నీళ్లను పైకి పంపుతుంది. చెట్టు కొమ్మ పెరిగి పై సెన్సార్ మీద నీడ పడినా, కింది సెన్సార్ ఉన్న పైపుకు ఎండ తగిలినా ఆ లెక్క తప్పుతుంది. ఎక్కువ రకాల్లో ఈ సెన్సార్ 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌ల రెసిస్టెన్స్ చూపిస్తుంది. వేడెక్కేకొద్దీ అది తగ్గుతుంది. 40 డిగ్రీల దగ్గర 5,000 పైచిలుకు, 10 డిగ్రీల చలిలో 20,000కు దగ్గరగా ఉంటుంది. కరెంటు ఆపి, వైర్లు విప్పి, మల్టీమీటర్ పెట్టి చూడు. మీటర్ అసలు ఏమీ చూపించకపోతే వైరు తెగింది. పై సెన్సార్ వైరు తెగితే కంట్రోలర్ దాన్ని విపరీతమైన చలి అనుకుంటుంది, కాబట్టి మండుటెండలో కూడా నీళ్లు పైకి పంపదు. మా ఇంట్లో ఒకసారి ఉడుత కొరికింది. పైతొడుగు మీద రెండు పంటి గాట్లు తప్ప ఏమీ కనపడలేదు. వేళ్ల మధ్య వంచితే లోపల రాగి తీగ పచ్చబడి పొడిలా రాలింది. మల్టీమీటర్ లేకపోతే, కరెంటు ఆపే, కంట్రోలర్ దగ్గర రెండు సెన్సార్ల వైర్లు ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టు. తప్పు అంకె వైరుతో పాటు రెండో చోటికి పోతే సెన్సారో వైరో పోయింది. ఉన్నచోటే ఉంటే కంట్రోలరే పోయింది.

బుడగల గురించి అడిగావు. పంపు మొదలైన రెండు మూడు నిమిషాలు బుడగలు రావడం సహజం, రాత్రి ప్యానెళ్లలో చేరిన గాలి బయటికి పోతోందన్నమాట. రోజంతా వస్తుంటే మాత్రం వాల్వు తిప్పి సోలార్‌కు నీళ్లు ఆపు. అప్పటికీ బుడగలు వస్తుంటే గాలి పంపు దగ్గరే చొరబడుతోంది, పంపు మూత వాషరు చూడు. ఆగిపోతే గాలి కప్పు మీద నుంచి వస్తోంది. అక్కడ గాలి పీల్చుకునే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. పంపు ఆగినప్పుడు అది తెరుచుకుని గాలిని లోపలికి రానిస్తుంది, నీళ్లు కిందికి జారిపోతాయి. అది లేకపోతే ఆ లాగుడుకు మెత్తటి గొట్టాలు చదునుగా నొక్కుకుపోతాయి. పంపు నడుస్తున్నప్పుడు నీళ్ల ఒత్తిడికి అది మూసుకునే ఉండాలి. కప్పు నుంచి పూల్‌కు దిగే తిరుగు పైపులో నీళ్లు మరీ ధారాళంగా పడిపోతే పైన ఒత్తిడి తగ్గి, వాల్వు గాలి మింగడం మొదలుపెడుతుంది. తిరుగు పైపు మీది వాల్వును బుడగలు ఆగేంతవరకు మాత్రమే కొద్దికొద్దిగా మూయి. అలా చేసినా ఆగకపోతే ఆ గాలి వాల్వును ఎక్కే పైపు మీదే ఇంకాస్త కిందికి దించాలి, దానికి ప్లంబర్‌ను పిలవాల్సిందే.

పంపు ఆగిన వెంటనే పూల్ అడుగున మట్టి పొగలా లేస్తే, పైనుంచి దిగే నీళ్లు ఫిల్టర్ గుండా వెనక్కి తన్నుతున్నాయి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్‌రిటర్న్ వాల్వులో ఆకో రాయో అడ్డం పడింది. విప్పి కడిగితే చాలు.

కారడం పెద్ద విషయం కాదు. చిల్లుపడ్డ గొట్టాన్ని కోసి రెండు కొసలకూ బిరడాలు కొడితే మిగతా ప్యానెల్ ఎప్పటిలా పనిచేస్తుంది. పట్టీలు మాత్రం మరీ బిగించకు, ఎండకు సాగి చలికి ముడుచుకునే వస్తువది. క్లోరిన్ వేసే డబ్బా ప్యానెళ్ల తర్వాతే ఉండాలి, ముందు ఉంటే చిక్కటి క్లోరిన్ గొట్టాల్లోకి పోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి ప్యానెళ్లు చల్లగా ఉన్నా పూల్ వేడెక్కకపోతే, పగలు వచ్చిన వేడి రాత్రి పోతోందని అర్థం. ఇక్కడ లెక్క చెబుతాను విను. మీ పూల్ 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. రాత్రి 5 మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైతే 160 లీటర్లు పోయినట్టు. లీటరు ఆవిరి కావడానికి, కరెంటు బిల్లు లెక్కలో, 0.68 యూనిట్ల వేడి పడుతుంది, అంటే మొత్తం 109 యూనిట్లు. 50,000 లీటర్ల పూల్‌ను ఒక డిగ్రీ పెంచడానికి పట్టేది 58 యూనిట్లే. అంటే ఒక్క రాత్రిలో దాదాపు రెండు డిగ్రీలు గాల్లో కలిసిపోయాయి. రాత్రి పూల్ మీద కప్పే మీ కవరు చిరిగిందని పోయిన నెలలో అన్నావు, ఇంకా కొనలేదు. ప్యానెళ్లకు పెట్టదలుచుకున్న డబ్బులో చిన్న భాగం దానికి పెట్టు.

ఎల్లుండి ఎండ బాగుంటే నాలుగు సంగతులు కనుక్కుని నాకు రాయి. టైమర్ గడియారానికీ నీ చేతి గడియారానికీ తేడా ఎంత, గేజి ముల్లు సోలార్ ఆపినప్పుడు ఎక్కడుంది, పెట్టినప్పుడు ఎక్కడుంది, కంట్రోలర్ మీద రెండు సెన్సార్లూ చూపించే డిగ్రీలు ఎంత, మధ్యాహ్నం ఏ ప్యానెల్ ఎలా తగిలింది. ఆ ఉత్తరం నాకు చేరేదాకా ఆ మనిషికి అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య