మహాగనీ గిటార్ బాడీ మీద మళ్ళీ తేలిన గుంటలకు సమాధానం

మీ గిటార్ మహాగనీ చెక్క బాడీకి నైట్రోసెల్యులోజ్ లాకర్ (మెరిసే పూత) కొట్టి, వారంలోపే బఫింగ్ చేసి, అంటే మెరుగు పెట్టి, అద్దంలా తెచ్చారు. నెల తిరిగేసరికి చెక్క రంధ్రాలు సన్నని గుంటలుగా కనిపిస్తున్నాయని, ఏం చేయాలని అడిగారు. టెన్షన్ పడకండి, ఫినిష్ మొత్తం గీకేయాల్సిన పని లేదు.

మీ స్ప్రేయింగ్‌లో తప్పు లేదు, తొందరే కారణం. ఈ లాకర్ థిన్నర్ ఆవిరైపోవడం వల్ల ఆరుతుంది. పైపొర గంటలో ఆరినట్టే ఉంటుంది కానీ, లోపలి పొరల్లోని థిన్నర్ వారాల తరబడి బయటికి పోతూనే ఉంటుంది. పోయేకొద్దీ పొర కుంచించుకుపోతుంది. రంధ్రం మీద లాకర్ మందంగా ఉంటుంది కాబట్టి అక్కడే ఎక్కువ కుంగుతుంది. చెక్క రంధ్రాల్ని పూడ్చే గ్రెయిన్ ఫిల్లర్ ఒక్కసారే పూశారు కదా, మహాగనీకి చాలాసార్లు రెండోసారి కూడా కావాలి.

ఇప్పుడు బాడీని ముక్కు దగ్గర పెట్టి చూడండి. థిన్నర్ వాసన వస్తుంటే ఆగండి. పోయాక 800 గ్రిట్ (గరుకు స్థాయి) సాండ్ పేపర్‌ని గట్టి బ్లాక్‌కు చుట్టి, తడిపి, గుంటల్లోని మెరుపు దాదాపు పోయేదాకా రుద్దండి. స్క్రూ రంధ్రాల్లోకి నీళ్ళు వెళ్ళనివ్వకండి, చెక్క ఉబ్బి లాకర్ పగులుతుంది. అంచుల దగ్గర చేయి చాలా తేలిగ్గా ఉండాలి. నేను ఒకసారి బాడీలో కొమ్ములా పొడుచుకొచ్చే భాగం దగ్గర చెక్క బయటపడేదాకా రుద్దేశాను, ఆ బాధ ఇంకా గుర్తుంది.

తర్వాత మూడు నాలుగు పల్చని కోట్లు వేయండి. కొత్త లాకర్ పాతదాన్ని కరిగించి అందులో కలిసిపోతుంది, అతుకు కనిపించదు. ఆవిరిని ఆపే మాస్క్ తప్పనిసరి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఈసారి కనీసం నాలుగు వారాలు వేలాడదీసి, 1000, 1500, 2000 గ్రిట్ వరుసలో రుద్ది, అప్పుడు బఫ్ చేయండి.